కొలనుకు దుప్పటి కప్పండి

చలికాలంలోనూ ఇంటి ఈతకొలనులో మునకలేయాలనుకునే వారి చూపంతా హీటర్ల మీదే ఉంటుంది. బిల్లు గుండె గుభేలుమనిపించకూడదనుకుంటే మొదట కొనాల్సింది మాత్రం వేరే ఉంది.

మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో నీళ్లు వేడి చేయడానికి లక్షలు ఖర్చు పెట్టడమేమిటని ఎవరైనా నవ్వొచ్చు. డిసెంబర్ చివర్లో ఛత్తీస్‌గఢ్‌లోని చకర్‌భాటాకు వెళ్తే ఆ నవ్వు ఆగిపోతుంది. మధ్యాహ్నం ఎండ హాయిగానే ఉంటుంది. 26, 27 డిగ్రీలు. పొద్దు గుంకిందంటే మాత్రం పాదరసం జారడం మొదలుపెట్టి తెల్లవారుజాముకల్లా 12, 13 డిగ్రీలకు దిగుతుంది. ఉత్తరాది నుంచి చలిగాలులు వీచిన రోజుల్లో పది లోపుకు కూడా పడిపోతుంది. ఆరుబయట కొలనులో నీళ్లు ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో, 20 డిగ్రీల దరిదాపుల్లో నిలుస్తాయి. సరదాగా కాలు పెట్టినవారు వెంటనే వెనక్కి తీసేసుకునేంత చల్లదనమది.

బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు మార్గంలో చకర్‌భాటా ఒక చిన్న స్టేషన్. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచీ బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపిస్తూనే ఉంది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాస్‌పూర్ కేంద్రమైంది. రాష్ట్ర హైకోర్టు పక్కనే బోద్రీలో ఉంది. 2021 మార్చిలో చకర్‌భాటా విమానాశ్రయం నుంచి ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. ఇలాంటి చోట కాస్త స్థలం, చేతిలో కాస్త డబ్బు ఉన్నవారికి ఇల్లు, తోట, తోట చివర ఒక కొలను అన్న కోరిక పుట్టడంలో వింతేమీ లేదు. హైదరాబాద్ శివార్లలోని ఫాంహౌస్ యజమానులదీ, ఆదిలాబాద్ చలికి వణికేవారిదీ ఇదే కథ. పగలు పుష్కలంగా ఎండ, రాత్రి ఎముకలు కొరికే చలి. కనుక చకర్‌భాటాకు వేసే లెక్క తెలంగాణ పీఠభూమికీ దాదాపు సరిపోతుంది.

ఆ లెక్క ముందు చూద్దాం. ఎనిమిది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న కొలను అనుకుంటే అందులో సుమారు 45 వేల లీటర్ల నీళ్లు పడతాయి. ఇంటి కొలనుల్లో ఇది పెద్దదేమీ కాదు. ఇన్ని నీళ్లను ఒక్క డిగ్రీ వేడి చేయడానికి 52 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. 20 డిగ్రీల నుంచి 28 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 420 యూనిట్లు. ఏసీ వాడని ఒక మధ్యతరగతి కుటుంబానికి ఇది రెండు నెలల కరెంటు.

అసలు ప్రమాదం ఆ 420 యూనిట్లలో లేదు. అది సీజన్ మొదట్లో ఒక్కసారి పెట్టే ఖర్చు. అలా కాచిన నీళ్లు మర్నాటికి ఎంత వేడిగా మిగిలాయన్నదే జేబుకు చిల్లు పెట్టే విషయం.

ఫ్రిజ్‌లు లేని కాలంలో ప్రతి ఇంటి మూలా ఇసుకలో కూర్చున్న మట్టికుండ ఈ శాస్త్రాన్ని ఎప్పుడో చెప్పింది. కుండ గోడల్లోంచి చెమర్చిన తేమ ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాగేసుకుంటుంది. అందుకే మండు వేసవిలోనూ కుండనీళ్లు చల్లగా ఉంటాయి. వేడిచేసిన కొలను రాత్రిపూట సరిగ్గా కుండలాగే ప్రవర్తిస్తుంది. కాకపోతే ఇక్కడ చల్లబడటం ఎవరికీ అక్కర్లేదు. అడుగున నేల, పక్కన గోడలు తీసుకునే వేడి కొద్దిపాటిదే. ఆరుబయలు కొలను పోగొట్టుకునే వేడిలో దాదాపు 70 శాతం ఆవిరి రూపంలోనే పోతుందని అమెరికా ఇంధన శాఖ అంచనా. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం మబ్బులేని ఆకాశంలోకి వెళ్లిపోతుంది.

పైన చెప్పిన కొలనులో నీటిమట్టం ఒక్క మిల్లీమీటరు తగ్గిందంటే 32 లీటర్లు ఆవిరైనట్టు. ఆ ఆవిరితోపాటు పోయిన వేడి సుమారు 22 యూనిట్లు. అంటే మొత్తం కొలను 0.4 డిగ్రీలు చల్లబడింది. గాలి పొడిగా, నీళ్లు వెచ్చగా ఉన్న జనవరి రాత్రి అయిదు మిల్లీమీటర్లు తగ్గినా ఆశ్చర్యం లేదు. అయిదు మిల్లీమీటర్లంటే 160 లీటర్ల నీళ్లు, దాదాపు 108 యూనిట్ల వేడి, రెండు డిగ్రీలు. తెల్లారేసరికి హారతి కర్పూరం! మూడు కిలోవాట్ల విద్యుత్ హీటరు ఇరవైనాలుగు గంటలూ తిరిగినా ఇచ్చేది 72 యూనిట్లే. ఒక రాత్రి నష్టాన్నే అది పూడ్చలేదు. ఇక వేడి పెంచడం ఎక్కడిది?

అందుకే హీటరుకన్నా ముందు కొనాల్సింది కవరు. నీటి మీద పరిచే బబుల్ షీట్ చూడటానికి పార్సిళ్లలో చుట్టే బుడగల ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. కాకపోతే మందంగా, ఎండకు పెళుసుబారకుండా తయారు చేస్తారు. బుడగలు కిందికి ఉండేలా నీటి మీద తేలేట్టు పరుస్తారు. ఆవిరికి దారి మూసుకుపోతుంది. కవరు ఒక్కటే వేడి ఖర్చును 50 నుంచి 70 శాతం దాకా తగ్గిస్తుందని అదే అమెరికా శాఖ చెబుతోంది. నీళ్లు, క్లోరిన్, ఆకులు ఏరే శ్రమ మిగలడం అదనం. ట్యాంకరు నీళ్లు కొనే కాలనీల్లో ఇది చిన్న అదనమేమీ కాదు.

ఇంత చవకైన ఉపాయం ఇళ్లలో ఎందుకు కనిపించదంటే కారణాలు మామూలువే. నీలిరంగు ప్లాస్టిక్ పరిస్తే కొలను అందం పోతుంది. 32 చదరపు మీటర్ల తడిసిన షీటును రోజూ లాగి మడతపెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చుట్టచుట్టే రోలర్‌ను కవరుతోపాటే కొనకపోతే రెండు వారాల్లో ఆ షీటు గోడవారగా పడి ఉంటుంది. హీటరుకు పెట్టే ఖర్చులో చిన్న వంతు రోలర్ మీద పెట్టడానికి వెనుకాడేవారే ఎక్కువ. పైగా కవరు అమ్మితే వచ్చే లాభం హీటరు అమ్మితే వచ్చేదానికి దరిదాపుల్లో కూడా ఉండదు మరి.

చట్టం మాట కూడా ఇదే. 2007లో కేంద్రం తెచ్చి, 2017లో సవరించిన ఇంధన పరిరక్షణ భవన కోడ్ ప్రకారం వేడిచేసే ఈతకొలనులన్నిటికీ ఆవిరిని ఆపే కవరు ఉండాలి. నీటిని 32 డిగ్రీలకు మించి వేడిచేస్తే ఆ కవరుకు వేడిని పట్టి ఉంచే గుణం కూడా ఉండాలి. అయితే ఆ కోడ్ హోటళ్ల వంటి పెద్ద వాణిజ్య భవనాలకు ఉద్దేశించింది. ఇంటి కొలను దాని పరిధిలోకి రాదు. తెలుగువారు పెద్ద సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో పరిస్థితి వేరు. అక్కడ ఆరుబయలు కొలనుకు గ్యాస్ హీటరో, హీట్ పంపో బిగిస్తే ఇల్లయినా సరే కవరు ఉండాలని రాష్ట్ర ఇంధన కోడ్ నిర్దేశిస్తోంది. అక్కడ పెరటి కొలనుకు కవరు కప్పే మనవాళ్లు ఇక్కడ శంషాబాద్ పక్కన కట్టించుకున్న కొలనుకు దాన్ని మరచిపోవడం చిత్రమే.

కవరు తర్వాత వంతు సూర్యుడిది. ఇక్కడ చాలామంది గమనించని సంగతొకటుంది. కొలనే ఒక పెద్ద సోలార్ ప్యానెల్. శీతాకాలంలోనూ ఛత్తీస్‌గఢ్‌లో చదరపు మీటరు నేల మీద రోజుకు నాలుగు యూనిట్లకు పైనే ఎండ పడుతుంది. మన 32 చదరపు మీటర్ల కొలను అందులో ముప్పాతిక వంతు పట్టినా రోజుకు వంద యూనిట్ల దాకా ఉచితంగా వస్తుంది. అంటే రెండు డిగ్రీలు. రాత్రి ఆవిరి ఎంత పట్టుకుపోతుందో పగలు సూర్యుడు దాదాపు అంతా తెచ్చి పోస్తున్నాడన్నమాట. కవరు వేస్తే పోయేది తగ్గి, వచ్చేది నిలుస్తుంది. ఈ ఉచిత వేడి దక్కాలంటే కొలను మీద నీడ పడకూడదు. శీతాకాలం సూర్యుడు దక్షిణం వైపు వాలి నడుస్తాడు కనుక కొలనుకు దక్షిణాన మామిడిచెట్టో, రెండంతస్తుల గోడో ఉంటే సీజనంతా నీడే. ఉత్తరం వైపు, గాలి వీచే దిక్కున మాత్రం గోడో కంచెమొక్కలో ఉంటే మంచిది. గాలి పెరిగితే ఆవిరీ పెరుగుతుంది. అందం కోసం పెట్టించిన జలపాతాన్ని రాత్రంతా వదిలేసేవారు నీటిని చల్లబరిచే యంత్రాన్ని కరెంటు పోసి మరీ నడుపుతున్నట్టే లెక్క.

ఎండ నేరుగా ఇచ్చేది చాలనప్పుడు మిద్దె మీద పరిచే నల్లటి ప్లాస్టిక్ లేదా రబ్బరు గొట్టాల ప్యానెళ్లు ఉన్నాయి. స్నానాల గదికి నీళ్లు కాచే అద్దాల సోలార్ హీటర్లకు ఇవి పేద చుట్టాల్లా కనిపిస్తాయి. కొలనుకు మాత్రం ఇవే తగినవి. స్నానానికి 60 డిగ్రీల నీళ్లు కావాలి కనుక అద్దం, రాగి, ఇన్సులేషన్ అవసరం. కొలనుకు కావలసింది 28 డిగ్రీలే. మధ్యాహ్నం గాలే 26 డిగ్రీలున్నప్పుడు ప్యానెల్ నుంచి బయటికి పోయే వేడి పెద్దగా ఉండదు. అద్దం దండగ. పైగా క్లోరిన్ నీళ్లు రాగిని తినేస్తాయి. ఫిల్టర్ పంపే నీటిని మిద్దె మీదికి ఎక్కించి దించుతుంది. ఎండ ఉన్నప్పుడు మాత్రమే నీటిని పైకి మళ్లించే ఒక వాల్వు, ఒక సెన్సారు ఉంటే చాలు. కొలను వైశాల్యంలో సగం నుంచి పూర్తి వైశాల్యం దాకా ప్యానెళ్లు పరచాలన్నది పాటించే సూత్రం. మన కొలనుకు పాతిక చదరపు మీటర్లు వేస్తే జనవరిలో రోజుకు ఒక డిగ్రీ చొప్పున వేడి పెరుగుతుంది. కవరు లేకపోతే ఆ ఒక్క డిగ్రీ చిల్లుకుండలో పోసినట్టే.

చకర్‌భాటా వంటి చోట ఈ ప్యానెళ్లు ఎండాకాలంలోనూ ఖాళీగా ఉండనక్కర్లేదు. మే నెలలో కొలను నీళ్లు ఈదడానికి ఇబ్బందిపెట్టేంత వేడెక్కుతాయి. అప్పుడు రాత్రిపూట నీటిని అదే ప్యానెళ్లలో తిప్పితే వేడిని ఆకాశంలోకి వదిలి కాస్త చల్లబడి వస్తాయి.

ఖర్చుకు వెనుకాడని ఇళ్లలో వినిపించే పేరు హీట్ పంపు. ఏసీ గదిలోని వేడిని బయటికి తోస్తుంది. ఇది బయటి గాలిలోని వేడిని నీళ్లలోకి తోస్తుంది. వేడిని తయారు చేయదు, మోస్తుందంతే. అందుకే ఒక యూనిట్ కరెంటుకు మూడు నుంచి ఏడు యూనిట్ల వేడి ఇవ్వగలుగుతుంది. సగటున అయిదనుకుంటే, 420 యూనిట్ల పని 84 యూనిట్లతో అయిపోతుంది. అయితే ఎంత వేడిగాలి దొరికితే అంత బాగా పనిచేసే యంత్రమిది. తెల్లవారుజామున 12 డిగ్రీల గాలిలోంచి వేడి పిండమంటే మొరాయిస్తుంది, కరెంటు ఎక్కువ తింటుంది. ఉదయం ఈతకు నీళ్లు సిద్ధంగా ఉండాలని చాలామంది దీన్ని రాత్రే నడుపుతారు. మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగింటి దాకా నడిపి, సాయంత్రం కవరు కప్పేస్తే అదే కరెంటుకు ఎక్కువ వేడి దక్కుతుంది.

మధ్యాహ్నం అనేసరికి మిద్దె మీది సోలార్ కరెంటు గుర్తుకు రావాలి. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లు, ఆపైన పెట్టుకునే ఇంటికి సబ్సిడీ గరిష్ఠంగా 78 వేల రూపాయలు. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి. దాన్ని హీట్ పంపుకిస్తే 60 యూనిట్ల వేడి. పాతిక చదరపు మీటర్ల నల్ల గొట్టాలు ఇచ్చేదీ దాదాపు ఇంతే. తేడా ఏమిటంటే, గొట్టాలు కొలనుకు తప్ప మరో పనికి రావు. సోలార్ కరెంటు మిగిలిన ఎనిమిది నెలలూ ఇంటికి పనికొస్తుంది. గొట్టాల్లో చెడిపోయేదేమీ లేదు, హీట్ పంపు ఏసీలాగే మెకానిక్‌ను కోరుతుంది. కొలను పక్కనే మిద్దె ఉండి, పెట్టుబడి తక్కువగా ఉండాలనుకుంటే గొట్టాలే మేలు. ఇప్పటికే సోలార్ కరెంటు ఉన్న ఇంటికి హీట్ పంపు బాగా అమరుతుంది. వేడితోపాటు చల్లదనమూ ఇచ్చే మోడళ్లు బిలాస్‌పూర్ వేసవిలోనూ అక్కరకొస్తాయి.

ఇక నేరుగా కరెంటుతో కాచడం గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. బిలాస్‌పూర్‌కు దగ్గర్లోని సీపత్‌లో ఎన్టీపీసీ బొగ్గు మండించి ఆవిరి చేసి, ఆ ఆవిరితో కరెంటు తీస్తుంది. ఈ క్రమంలో బొగ్గులోని వేడిలో సగానికి పైగా చిమ్నీల్లో, కూలింగ్ టవర్లలో పోతుంది. అలా మిగిలిన కరెంటును తెచ్చి మళ్లీ నీళ్లు కాచడమంటే బంగారం కరిగించి చెంబు చేయించుకున్నట్టే.

గ్యాస్ హీటరు వేగానికి పెట్టింది పేరు. వారాంతానికి మాత్రమే వచ్చి పోయే ఫాంహౌస్‌కు దీనిలో అర్థముంది. శుక్రవారం వెలిగిస్తే శనివారం ఈదొచ్చు. సహజవాయువు గొట్టాల్లో వచ్చే నగరాల్లో కొంత నయం. సిలిండర్ల మీద ఆధారపడితే మాత్రం 19 కిలోల వాణిజ్య సిలిండరు ఒకటి సుమారు 200 యూనిట్ల వేడిని నీటికి చేరుస్తుంది. మొదటి 420 యూనిట్లకే రెండు సిలిండర్లు హాంఫట్. వంటింటి సిలిండరును వంటకు తప్ప మరో పనికి వాడటం నిబంధనలకు విరుద్ధం.

గ్యాస్ హీటరుతో అసలు భయం బిల్లు గురించి కాదు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రం బూన్ పట్టణంలో 2013లో ఒక హోటల్ ఈతకొలను హీటరు నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ పై అంతస్తు గదిలోకి చేరింది. ఏప్రిల్‌లో ఆ గదిలో దిగిన వృద్ధ దంపతులు మరణించారు. కారణం తెలిసేలోగా జూన్‌లో అదే గదిలో పదకొండేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. మన దగ్గర గాలి ఆడని స్నానాల గదుల్లో గ్యాస్ గీజర్లు ఏటా చలికాలంలో ప్రాణాలు తీస్తున్నది కూడా ఇదే. కొలను హీటరును పడకగది కింద, మూసిన షెడ్డులో పెట్టాలన్న ఆలోచనే రాకూడదు. పొగగొట్టం ఆకాశంలోకి తెరుచుకోవాలి, ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి.

దానికన్నా ఘోరం మరొకటుంది. బకెట్లో పెట్టే ఇమ్మర్షన్ రాడ్లను నాలుగైదు కట్టి కొలనులోకి దించడం. అవి 45 వేల లీటర్లను కాచలేవని లెక్కే చెబుతోంది. లీకయిన కరెంటు మాత్రం నీళ్లలో ఉన్న మనిషిని క్షణాల్లో చంపగలదు. ఏ విద్యుత్ హీటరైనా నీటికి దూరంగా, గొట్టాల మార్గంలోనే బిగించాలి. సరైన ఎర్తింగ్‌తోపాటు 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి.

ప్రపంచంలో మరికొందరు కాచే బాధే లేకుండా పక్కవాడి వేడితో పని కానిస్తున్నారు. ఇంగ్లండ్‌లోని రెడిచ్‌లో పురపాలక ఈతకొలనుకు పక్కనున్న విద్యుత్ శ్మశానవాటిక వంటి దహనశాల వేడిని వాడుతున్నారని తెలిసినప్పుడు చాలామంది ముఖం చిట్లించారు, తర్వాత అలవాటు పడ్డారు. ఎక్స్‌మత్ పట్టణంలో 2023లో వాషింగ్ మెషీన్ అంత కంప్యూటర్ల పెట్టె ఒకదాన్ని బిగించి దాని వేడిని కొలనుకు మళ్లించారు. 2024 పారిస్ ఒలింపిక్స్ కోసం కట్టిన ఈతకేంద్రానికీ పక్కనున్న డేటా సెంటర్ నుంచే వేడి అందింది. భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. ఛత్తీస్‌గఢ్ ఉత్తర కొసన బలరాంపూర్ జిల్లాలోని తాతాపానీలో దాదాపు మరిగే నీళ్లే భూమిలోంచి ఉబికి వస్తాయి. చకర్‌భాటాకు ఆ భాగ్యం లేదు కనుక ఎండనే నమ్ముకోవాలి.

ఎంత వేడి చాలన్నది చివరికి ఇంటివాళ్లే తేల్చుకోవాలి. పోటీల కొలనుల్లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని నిబంధన. వ్యాయామానికి ఈదేవారికి 26 చాలు. చిన్నపిల్లలకు, మోకాళ్ల నొప్పులతో నీళ్లలో నడిచే పెద్దలకు 29, 30 కావాలి. 26కు, 30కి మధ్య ఉన్న నాలుగు డిగ్రీలు చూడటానికి చిన్నవే. ఫారన్‌హీట్ కొలతలో ఒక్క డిగ్రీ పెంచినా ఇంధన ఖర్చు 10 నుంచి 30 శాతం పెరుగుతుందని అమెరికా శాఖ హెచ్చరిస్తోంది. నీళ్లు వెచ్చనయ్యేకొద్దీ క్లోరిన్ కూడా త్వరగా ఖర్చయిపోతుంది, పాచి పెరుగుతుంది.

మీ కొలను ఎంత ఆవిరవుతోందో తెలుసుకోవడానికి ఇంజనీరును పిలవనక్కర్లేదు. పంపు ఆపి, సాయంత్రం కొలను మెట్టు మీద ఒక బకెట్ పెట్టి, బయట ఎంత మట్టముందో లోపలా అంతే నీళ్లు పోయాలి. తెల్లారి రెండింట్లోనూ ఎంత తగ్గిందో స్కేలుతో కొలవాలి. బకెట్లో తగ్గింది ఆవిరి. కొలనులో అంతకంటే ఎక్కువ తగ్గితే ఎక్కడో లీకుంది. హీటర్ల బేరానికి దిగేముందు దాని సంగతి చూడాలి.

కవరు విషయంలో ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. తేలే బబుల్ షీటు మనిషి బరువు ఆపదు. దూరం నుంచి గట్టి నేలలా కనిపించే దాని మీద పసివాడు అడుగేస్తే షీటు కుంగి, మీద మళ్లీ మూసుకుంటుంది. కింద ఎవరున్నదీ గట్టు మీది వారికి కనిపించదు. కాబట్టి ఈదేటప్పుడు సగం తీసి సగం వదలకుండా పూర్తిగా చుట్టేయాలి. కప్పి ఉన్నంతసేపూ కొలను చుట్టూ కంచె, పిల్లల చేతికందని ఎత్తులో గొళ్లెం ఉండాలి.